పెదవి బిగిస్తే పై స్వరం శ్రుతిలో పడదు

పెళ్లిళ్ల సీజన్ రాగానే మన కోనసీమ బ్యాండు మేళాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతోంది. "క్లారినెట్‌లో పై స్వరాలు దిగితే (శ్రుతి తగ్గితే) పెదవి గట్టిగా బిగించండి. చాలకపోతే పెద్ద నంబరు రీడు (ఊదితే కంపించే పలుచని రెల్లు ముక్క, నంబరు పెరిగేకొద్దీ గట్టిది) వేయండి. ఎండకి వాయిద్యం దిగిపోతుంది, అమలాపురం ఎండలో ఇంతకంటే దారిలేదు. స్వరం పైకి పోతే బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే పొట్టి గొట్టం) కాస్త బయటికి లాగండి, అన్నీ సర్దుకుంటాయి." కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు ఇది నమ్మి పెదవులు పుండ్లు చేసుకుంటున్నారు. నాకు బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను.

బిగిస్తే శ్రుతి పెరిగే మాట నిజమే, కానీ పెరిగేది కొంచెమే. పెదవితో క్లారినెట్ స్వరాన్ని కిందికి చాలా జార్చవచ్చు, పైకి లాగడానికి చోటు తక్కువ. మొదటి నుంచీ కొరికి ఊదేవాడు ఆ కాస్త చోటూ ముందే వాడేసుకుంటాడు. ఆపైన నాదం సన్నబడి కీచుమంటుంది. మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకునే భాగం), బ్యారెల్ రెండే కలిపి ఊది చూడండి. బీ ఫ్లాట్ క్లారినెట్ అయితే కీబోర్డు మీది ఎఫ్ షార్ప్‌కి దగ్గరగా పలకాలి. బాగా పైకి పోతోందంటే కొరుకుతున్నారన్నమాట.

పై స్వరాన్ని నిలబెట్టేవి గాలి, నాలుక. "ఈ" అనేటప్పుడు నాలుక పైకి లేచినట్టే ఊదేటప్పుడూ ఉండాలి. "ఆ" అన్నట్టు కిందికి పడేస్తే ఎంత బిగించినా లాభం లేదు. ఇంకో విషయం, డ్రమ్ముల మధ్య వినపడాలని ఊరేగింపులో దమ్ముకొద్దీ ఊదుతాం. వేణువు గట్టిగా ఊదితే శ్రుతి పెరుగుతుంది, క్లారినెట్‌లో దిగుతుంది. మేళాల్లో పై స్వరాలు దిగడానికి నాకు ఎక్కువగా కనపడే కారణం ఇదే.

ఎండ మాటైతే పూర్తిగా తలకిందులు. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, దాంతో శ్రుతీ పెరుగుతుంది. డిగ్రీకి సుమారు 3 సెంట్లు, అంటే అర్ధస్వరంలో 100కి 3 వంతులు. మన ఊపిరి గొట్టాన్ని ఎలాగూ వెచ్చగా ఉంచుతుంది కాబట్టి తేడా అంత పూర్తిగా రాదు, కానీ వచ్చేది పైకే. కీబోర్డు మాత్రం ఎండకీ చలికీ కదలదు. దిగి పలికేది ధనుర్మాసం తెల్లవారుజామున పెట్టెలోంచి చల్లగా తీసిన క్లారినెట్. దానిలోకి కాసేపు వెచ్చని ఊపిరి పంపితే చాలు.

రీడు విషయంలో సగం ఒప్పుకుంటాను. మరీ మెత్తని రీడు పై స్వరాల్లో చతికిలబడుతుంది. రెండో నంబరుతో అవస్థ పడేవారు రెండున్నరకి వెళ్లొచ్చు. మరీ గట్టిది వేస్తే మళ్లీ కొరుకుడే.

బ్యారెల్ లాగితే అన్నీ సమానంగా దిగవు. వేళ్లన్నీ ఎత్తి ఊదే జీ, దానిపైన ఏ, బీ ఫ్లాట్ పొట్టి గొట్టంలో పలికేవి కనుక ఎక్కువగా దిగుతాయి. పైన సరిచేసుకుని మధ్యలో పాడుచేసుకుంటాం. ఎక్కువ తగ్గించాల్సి వస్తే కొంత బ్యారెల్ దగ్గర, కొంత మధ్య జాయింటు దగ్గర లాగాలి.

ఆ సలహాలో అసలు లేనిది వేళ్ల సంగతి. సన్నాయిని ఒత్తి ఊదితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. క్లారినెట్‌లో రిజిస్టర్ కీ (స్వరాన్ని పైకి దూకించే, ఎడమ బొటనవేలి మీట) నొక్కితే షడ్జం పై స్థాయి పంచమం అవుతుంది. అక్కడ ఎడమ చూపుడు వేలు ఎత్తితే ఇంకా పైన గాంధారం. ఆ గాంధారం సహజంగా, లెక్క ప్రకారం, కీబోర్డు స్వరం కంటే సుమారు 14 సెంట్లు కిందే ఉంటుంది. అలాంటి స్వరాలకు కుడి చిటికెన వేలితో ఈ ఫ్లాట్ కీ తెరిస్తే కాస్త పైకి వస్తాయి. ఒకే స్వరానికి రెండు మూడు వేళ్ల పట్లు ఉంటాయి, మీ క్లారినెట్‌కి ఏది సరిపోతుందో విని ఎంచుకోండి.

సాధనకి శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని కింది స్వరం ఒకటి నిలపండి. పెదవి కదపకుండా రిజిస్టర్ కీ నొక్కండి, ఆ తర్వాత చూపుడు వేలు ఎత్తండి. పెదవి మార్చకుండా మూడూ పలికే దాకా పాటల జోలికి వెళ్లకండి.