స్లాబుకి నూటికి నూరు

అమలాపురం దగ్గర వెయ్యి చదరపుటడుగుల స్లాబు. వృథా తగ్గించే లీన్ పద్ధతి, రోజూ సరిచూసుకుంటూ నడిచే ఎజైల్ పద్ధతి రెండూ కలిపి నడపాలని హెడ్డాఫీసు ఉత్తర్వు. లీన్ కోసం గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ తెచ్చిన లాస్ట్ ప్లానర్ అనే ప్రణాళిక పద్ధతి ప్రకారం స్లాబు రోజు నుంచి వెనక్కి లెక్కేసి, పనికో చీటీ బోర్డుకి అంటించాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర అరువు తెచ్చిన ఎజైల్ ప్రకారం పొద్దున్నే పావుగంట నిలబడి మాట్లాడుకోవాలి. సిమెంటు ముందే తెచ్చి పేర్చొద్దన్నారు. కోనసీమ తేమకి ఆ ఒక్కటీ మంచి మాటే. 5 అంగుళాల మందం, ఎం20 రకం కాంక్రీటు, సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్ళు; 93 బస్తాలు సమయానికే దిగాయి.

లాస్ట్ ప్లానర్‌కి ప్రాణం ఒక్కచోటే ఉంది: పని చేసేవాడు ‘రేపటికి కాదు’ అనగలగాలి. మన మేస్త్రి చస్తే అనడు. సెంట్రింగ్ అయిపోతుందా? “ఆయ్.” ఊచల కింద ఎత్తుకి కవర్ బ్లాకులు పెట్టేశారా? “ఆయ్.” వాన ఆగుతుందా? “ఆయ్, ఆగుద్దండి.”

బోర్డు మీద 11 చీటీలు. తేమకి జిగురు వదిలి, కాలవ గాలికి ఒకటి ఎగిరిపోయింది: ‘కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు’. బోర్డు మీద లేని పని ముట్టుకోవద్దని కన్సల్టెంటు గారు నూరిపోశారు కాబట్టి, ఎలక్ట్రీషియన్ బోర్డు చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతోంది, సగం స్లాబు పడింది. అప్పుడు కనబడింది ఎగిరిపోయిన చీటీ. రెండు వరసల ఊచల కింద, ఆయిల్ పూసిన సెంట్రింగ్ రేకుకి అతుక్కుని, అక్షరాలు పైకే! ఇంజినీరు ఇనుము మీద బోర్లా పడుకుని బైండింగ్ వైరు కొక్కెంతో గాలం వేశాడు. ఒకరు టార్చి పట్టారు, ఒకరు పైకి చదివి వినిపించారు, కూలీలు పనాపి టీ తాగారు. చీటీ చిరుగుతోంది గానీ రావట్లేదు. కాంక్రీటు ఆగదు, ఆపితే అక్కడే కోల్డ్ జాయింటు, అంటే పాత కాంక్రీటుకి కొత్తది అతకని గీత, దాంట్లోంచే రేపు వాననీళ్ళు. చివరికి చీటీ మీదే కాంక్రీటు తట్ట బోర్లించేశారు.

“పైపులు లేవని నీకు తెలీదా మేస్త్రీ?”

“ఆయ్, పొద్దున్నే చూశానండి. తమరు అడగలేదు కదండీ.”

సాయంత్రం ఆ వారం లెక్క తీశారు: ఒప్పుకున్న పనుల్లో పూర్తయినవెన్ని? బోర్డు మీద 10, అయినవి 10. నూటికి నూరు! హెడ్డాఫీసు నుంచి అభినందనలు కూడా వచ్చాయి. సెంట్రింగ్ విప్పాక వైర్లు దాచడానికి సీలింగంతా బయటికి కనబడేలా కేసింగ్ పట్టీలు కొట్టుకోవాలి. ఆ ఖర్చు ఎవరి ఖాతాలోదో చీటీ రాయడానికి మాత్రం ఇంతవరకూ ఎవరి చేతికీ పెన్ను దొరకలేదు.