అన్ని తలుపులు ఊరికే పెట్టలేదు
వందేళ్ల కిందటి లండన్ శివారు రైలు పెట్టెల్లో ప్రతి కంపార్ట్‌మెంటుకూ విడిగా తలుపు ఉండటం గుర్రపు బండి రోజుల నుంచి వదలని పాత అలవాటు తప్ప మరేం కాదని ఆ రైళ్ల మీద వచ్చిన వ్యాసంలో రాశారు. పుట్టుక అక్కడే, కాదనను. కానీ 1920లో కూడా దాన్ని వదలకపోవడానికి గట్టి కారణమే ఉంది. ఆ ఏడాది గ్రేట్ ఈస్టర్న్ రైల్వే కంపెనీ లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి రద్దీ వేళ గంటకు 24 బళ్లు నడిపింది, అదీ ఆవిరి ఇంజన్లతో! బండి ప్లాట్‌ఫాం మీద నిలిచేది నాలుగు నిమిషాలే. అంతలో వందల మంది దిగి, మళ్లీ వందల మంది ఎక్కాలంటే పెట్టె పొడవునా తలుపులు ఉండాల్సిందే. ఏ తరగతి ఎక్కడో వెతుక్కోకుండా మొదటి తరగతికి పసుపు, రెండో తరగతికి నీలం చారలు పైన వేశారు. ఆ రంగుల వల్లే వాటికి జాజ్ రైళ్లని పేరొచ్చింది. అంతకుముందే అదే కంపెనీ పాత పెట్టెల్ని నిలువునా రెండుగా కోసి, మధ్యలో వెడల్పు చేర్చి, వరసకు ఆరుగురు కూర్చునేలా మార్చింది. ఇది వ్యాసంలో లేకపోవడం వెలితే. నడవా లేదు, మరుగుదొడ్డి లేదు, ముక్కూమొహం తెలియని మనిషితో తర్వాతి స్టేషన్ దాకా బందీ అన్న విమర్శ మాత్రం ఒప్పుకుంటాను. 1864లో థామస్ బ్రిగ్స్ అనే లండన్ ప్రయాణికుడి హత్య జరిగింది అలాంటి కంపార్ట్‌మెంటులోనే. సాయంత్రం ఎంఎంటీఎస్‌లో తలుపు దాకా చేరడానికి రెండు స్టేషన్ల ముందే లేచే నాకు, పక్కనే తలుపు అంటే ఆశగానే ఉంటుంది.