నేర్చుకునే పిల్లల మీద పడకండి

రెండు రోజులుగా మా గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వీడియో తిరుగుతోంది. ఇద్దరు మాత్రమే పట్టే చిన్న హెలికాప్టర్. కిందకి దిగుతూ తోక నేలకి కొట్టుకుని, పక్కకి ఒరిగి, మంటలంటుకుంది. శిక్షణలో ఉన్నదట. ఏ దేశంలోదో, ఏ ఏడాదిదో పంపినవాళ్లకే తెలియదు. కింద కామెంట్లు చూడండి. "లేడీ పైలటా?" అని ఒకాయన. "రానప్పుడు పైకెందుకు ఎగరడం?" అని ఇంకొకాయన. బ్రాడీపేటలో నేను రోజూ నమస్కారం పెట్టే పెద్దమనిషి "డబ్బున్నోళ్ల సరదాలు" అని రాశారు. చదివి కడుపు రగిలిపోయింది.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ల మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం హకీంపేటలో, మన హెలికాప్టర్ పైలట్లు తయారయ్యే చోటే గడిచింది. ఆ పిల్లల్ని దగ్గర నుంచి చూశాను కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి.

ఇంజన్ ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని మనవాళ్ల నమ్మకం. పడదు. పైలట్ ఎడమచేతి దగ్గర కలెక్టివ్ అనే లివరు ఉంటుంది. ఇంజన్ పోయిన మరుక్షణం దాన్ని పూర్తిగా దించెయ్యాలి. రెక్కల కోణం తగ్గుతుంది, దిగుతున్నకొద్దీ కింది నుంచి కొట్టే గాలే రోటర్‌ని, అంటే నెత్తి మీద తిరిగే రెక్కల్ని, తిప్పుతుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. నేల దగ్గరకొచ్చాక సైక్లిక్ అనే కర్రని (పైలట్ ముందుండేది) వెనక్కి లాగి, ముక్కు పైకెత్తి వేగం చంపాలి. మళ్లీ వెంటనే సమం చేసి, రోటర్‌లో మిగిలి ఉన్న తిరుగుడంతా కలెక్టివ్ ఎత్తి వాడేసుకుని మెల్లగా కూర్చోబెట్టాలి. ముక్కు ఎత్తడం మరీ కిందకొచ్చాక చేస్తే తోక తగులుతుంది. మరీ పైన చేస్తే నేల అందకముందే రోటర్‌లో బలం అయిపోతుంది. నిజంగా ఇంజన్ పోయిన రోజున రెండోసారి ప్రయత్నించే వీలుండదు. అందుకే ఇంజన్ బాగున్నప్పుడే దీన్ని మళ్లీ మళ్లీ చేయిస్తారు. ప్రమాదం నుంచి బయటపడడం నేర్చుకోవాలంటే దాని అంచుదాకా వెళ్లి రావాల్సిందే. శిక్షణలో జరిగే ప్రమాదాల్లో కొన్ని సరిగ్గా అక్కడే జరుగుతాయి. మీరు నవ్వుతూ ఫార్వర్డ్ చేసిన వీడియోలో జరిగింది ఇదే అయి ఉండొచ్చు, వేరే ఏదైనా అయి ఉండొచ్చు. ముప్ఫై సెకన్ల వీడియో చూసి తేల్చేసే పని నేను చెయ్యను.

సివిల్‌లో నేర్చుకునేవాళ్లు చాలామంది మొదట ఎక్కేది రాబిన్సన్ ఆర్22. సొంతంగా తిరగాలనుకునేవాళ్ల కోసం చేసిన యంత్రం అది, చౌకగా ఉంటుందని శిక్షణ స్కూళ్లకి చేరింది. దాని రోటర్ చాలా తేలిక. ఇంజన్ పోతే కలెక్టివ్ దించడానికి ఒకటీ రెండు సెకన్లకు మించి టైముండదు. ఆర్22, అదే కంపెనీ చేసే ఆర్44లతో వరసగా ప్రాణాలు పోతుంటే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 1995లో ప్రత్యేక నిబంధన పెట్టింది. వాటిని నడపాలంటే రోటర్ వేగం పడిపోవడం గురించీ, గాల్లో ముక్కు ఒక్కసారిగా కిందకి తోస్తే వచ్చే ప్రమాదం గురించీ అదనపు శిక్షణ తప్పనిసరి చేసింది. పిల్లలకి చేతకాదని చేతులు దులుపుకోలేదండీ. నేర్పే పద్ధతి మార్చారు.

ఇంకో సంగతి. మన ఎయిర్‌ఫోర్స్ చేతక్ హెలికాప్టర్ ఫ్రెంచి డిజైను. పైనుంచి చూస్తే దాని రోటర్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. అమెరికా హెలికాప్టర్లు దానికి ఎదురు తిరుగుతాయి. కాబట్టి పవర్ పెంచినప్పుడు హెలికాప్టర్ పక్కకి తిరిగిపోకుండా ఒకదాంట్లో ఒక కాలి పెడల్ తొక్కాలి, రెండోదాంట్లో రెండో కాలిది. ఒక యంత్రం మీద కాళ్లకి పట్టిన అలవాటు ఇంకో యంత్రం మీద ప్రాణం మీదకి తెస్తుంది. "స్టీరింగు పట్టుకోవడమే కదా" అనేవాళ్లకి ఇది చెబుతున్నాను.

మా దగ్గర ఫారం 700 అని ఉండేది. రాత్రి చేసిన పనంతా అందులో రాసి మేం సంతకం పెట్టాలి, ఎగరబోయే పైలట్ చదివి కింద సంతకం పెట్టాలి. ఒక తెల్లవారుజామున, ఇరవై రెండేళ్లు కూడా ఉండవేమో, ఒక కుర్రాడు టెయిల్ రోటర్ దగ్గర వేలితో తడిమి, అంటుకున్న నూనె నాకు చూపించి, "ఇది పాతదా, ఇప్పుడు కారుతోందా?" అని అడిగాడు. తుడిచి, ఇంజన్ తిప్పి, మళ్లీ చూసి, కారడం లేదని చూపిస్తేగానీ సంతకం పెట్టలేదు. ఆ రోజు ఆలస్యమైంది. వాడి ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట అనలేదు. మంచి శిక్షణ అంటే నాకు తెలిసింది అదీ.

2022 ఫిబ్రవరి 26న మన నాగార్జునసాగర్ నుంచి లేచిన సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానం పెద్దవూర మండలం పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానం కూలి ఇన్‌స్ట్రక్టరూ కేడెట్టూ ఇద్దరూ పోయారు. వీటి గురించి చాలా మాట్లాడుకున్నాం. దర్యాప్తులో ఏం తేలిందని ఎంతమంది కనుక్కున్నారు?

పెద్దవాళ్ల ప్రమాదాలకే దిక్కులేదు. 2002లో బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో పడింది. 2009లో రాజశేఖరరెడ్డి గారిది నల్లమలలో కూలింది. కుట్ర అని టీవీలో ఒక కథనం వస్తే 2010 జనవరిలో ఊరూరా షాపులు పగలగొట్టారు. గుంటూరు టీ బంకుల దగ్గర ఇప్పటికీ అదే మాట. దర్యాప్తు నివేదికలో ఉన్నది వేరు. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే, ఏం చెయ్యాలో చెక్‌లిస్టులో వెతకడంలోనే పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారు. బయట చూస్తే తుఫాను మబ్బు. బలంగా కిందకి తోసే గాలిలో చిక్కుకున్నారు. అంటే చెక్‌లిస్టు వాడకం, ఇద్దరు పైలట్లు పని పంచుకోవడం, మబ్బు చూసి వెనక్కి తిరగడం. మూడూ శిక్షణలో నేర్పాల్సినవే. ఆ నివేదికని ప్రతి ఫ్లయింగ్ స్కూల్లో పాఠంగా చెప్పాలి.

మన దేశంలో విమాన ప్రమాదాల దర్యాప్తుకి 2012 నుంచి ఏఏఐబీ అని వేరే సంస్థ ఉంది. నివేదికలు ఇంటర్నెట్‌లో పెడుతుంది, చదవడానికి రూపాయి ఖర్చు లేదు. తప్పు ఎవరిదో తేల్చడం కోసం కాదు, మళ్లీ జరగకుండా చూడడం కోసమే దర్యాప్తు అని మొదట్లోనే రాసి ఉంటుంది. అంతమాత్రాన యాజమాన్యాలని వదిలెయ్యమని నేననను. పాతబడిన యంత్రాన్ని ఎగరేయించినా, గాలి బాగాలేని రోజున గంటలు పూర్తి చెయ్యమని తరిమినా ఆ స్కూలు జవాబు చెప్పాలి. మన కోపం అటు పోవాలి.

డబ్బున్నోళ్ల సరదా అన్నారు కదా. మిర్చి యార్డులో వచ్చిన డబ్బు చాలక ఎకరం తాకట్టు పెట్టి పిల్లని పంపిన తల్లిదండ్రులు నాకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే, మేడల మీద ఉన్నవాళ్లకి హెలికాప్టర్ల నుంచి ఆహార పొట్లాలు జారవిడిచారు. ఇళ్ల మధ్య, తీగల మధ్య అంత కిందకి దిగి గాల్లో నిలబెట్టడం ఎవరికీ పుట్టుకతో రాదు.

మన తల్లిదండ్రులు మాత్రం ఫ్లయింగ్ స్కూలుకెళ్లి ఫీజెంత, ఎన్నాళ్లలో అయిపోద్ది, ఉద్యోగం గ్యారంటీయా అని అడిగి వచ్చేస్తారు. అడగాల్సినవి ఇవి. మెయింటెనెన్స్ ఇంజనీర్లు స్కూలు మనుషులా, బయటి నుంచి వచ్చి సంతకం పెట్టి పోయేవాళ్లా? ఉన్న హెలికాప్టర్లలో ఈ రోజు ఎగిరేవెన్ని? ఇన్‌స్ట్రక్టర్‌కి ఆ మోడల్ మీద ఎన్ని గంటలు? వాతావరణం బాగాలేదని పిల్ల ఎగరనంటే ఆ గంట డబ్బు పోతుందా? ఈ ఆఖరిది తప్పకుండా అడగండి. పోతుంది అంటే అక్కడ చేర్చకండి.

గుంటూరు, విజయవాడల్లో పిల్లల్ని పంపాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. స్కూలుకి మీతో వచ్చి, హ్యాంగర్లో నిలబడి, ఈ ప్రశ్నలన్నీ నేనే అడుగుతాను. డబ్బు కట్టకముందు చెప్పండి.