నూరు వాట్ల ట్యూబు, నూటయాభై వాట్ల బావగారు

మా బావగారి విద్యుత్ శాస్త్ర పరిజ్ఞానమంతా ఒక ట్యూబులైటు చోకు (ట్యూబుకు వెళ్లే కరెంటును అదుపు చేసే తీగచుట్ట) దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. వెనకటి రోజుల్లో ఇళ్లలో 40 వాట్ల లావుపాటి ట్యూబులైట్లు ఉండేవి. తరవాత 36 వాట్ల సన్నరకం వచ్చాయి. పాత పట్టీలో, పాత చోకుతోనే కొత్త ట్యూబు నిక్షేపంలా వెలిగింది. ఇందులో వింతేమీ లేదు, ఆ సన్న ట్యూబులను పాత చోకు మీద వెలిగేలాగే తయారు చేశారు. కానీ బావగారు దీన్నుంచి పిండిన సారమేమిటంటే, లోకంలో ఏ గాజుగొట్టానికైనా ఏ సప్లై అయినా సరిపోతుందనీ, సరిపోదని చెప్పేవాడు కొత్త సరుకు అంటగట్టడానికే ఆ మాట అంటాడనీ. ఈ సిద్ధాంతం ఇంటి పడమటి గదికి పరిమితమై ఉన్నంతకాలం ఎవరికీ ఏ హానీ జరగలేదు. అది దుకాణం దాకా నడిచివెళ్లి లేజర్ కటింగ్ మిషను మూత ఎత్తినప్పుడే కథ మొదలైంది.

గుంటూరులో ఆయనది నేమ్‌ప్లేట్లు, షీల్డులు, అక్రిలిక్ అక్షరాల బోర్డులు, లేజరుతో చెక్కిన పెళ్లి శుభలేఖలు చేసే దుకాణం. అందులోని మిషనుకు ఉన్న 60 వాట్ల ట్యూబు ముసలిదైపోయింది. ఒకప్పుడు 3 మిల్లీమీటర్ల అక్రిలిక్‌ను ఒక్క పట్టున కోసినది, ఇప్పుడు అదే గీత మీద రెండోసారి నడిస్తే గానీ తెగడం లేదు. అంచులు కరిగి, పక్కనున్న డాక్టరుగారి నేమ్‌ప్లేటులో ‘డా’ అక్షరం ‘దా’లాగా కనబడసాగింది. ట్యూబు మార్చక తప్పదని తేలింది.

ఈ ట్యూబు చూడటానికి సాదాసీదా గాజుగొట్టమే గాని, లోపల ఒకదానిలో ఒకటిగా మూడు పొరలు ఉంటాయి. నట్టనడుమ సన్నటి గొట్టంలో విద్యుత్తు పారుతుంది, దాని చుట్టూ చల్లబరిచే నీళ్లు తిరుగుతాయి, అన్నిటికీ పైన వాయువు నిలవ ఉంటుంది. ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు, నైట్రోజన్, హీలియంల మిశ్రమం. పని చేస్తున్నంతసేపూ ఊదా కలిసిన గులాబీ రంగులో కనిపించేది లోపలి వాయువు వెలుగే తప్ప, కోసే కిరణం కాదు. కోసే కిరణం 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంతో కంటికి ఆనదు. ఈ రకం లేజరును 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కనిపెట్టినవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఈ సంగతి నేనే ఒకసారి మాటవరసకు చెప్పాను. బావగారు దాన్ని తన వాదానికి వాడుకున్నారు. “కనిపెట్టినవాడు మనవాడేనోయ్. మనవాళ్లు సర్దుకుపోయేలాగానే చేస్తారు” అన్నారు.

హైదరాబాదు డీలరు 100 వాట్ల ట్యూబు పంపుతూ, పవర్ సప్లై, అంటే ట్యూబుకు కరెంటు అందించే పెట్టె, కూడా మార్చుకోవాలి సార్ అని ఫోనులో చెప్పాడు. బావగారు నవ్వి ఫోను పెట్టేశారు. ట్యూబు వచ్చాక తెలిసిందేమిటంటే, దాని పొడవు 1,450 మిల్లీమీటర్లు, మిషనులో దాన్ని పడుకోబెట్టే చోటు అంతకంటే జానెడు తక్కువ. దీనికి ఆయన దిగులు పడలేదు. వడ్రంగిని పిలిపించి మిషను కుడివైపు రేకుకు గుండ్రంగా కన్నం కొట్టించి, బయటికి పొడుచుకొచ్చిన ట్యూబు కొసకు రక్షణగా 5 కిలోల నెయ్యి డబ్బాను అడుగు కోసి స్క్రూలతో బిగించారు. డబ్బా మీద ఆవుబొమ్మ చెక్కుచెదరకుండా ఉంది. ఆ బయటికి వచ్చిన కొస, లేజరు కిరణం వచ్చే వైపు కాదు, వేల వోల్టుల ఎర్ర తీగ తగిలించే వైపు. ట్యూబు పొడుగవడంతో సప్లై నుంచి వచ్చే ఎర్ర తీగ అందలేదు. అందని భాగానికి టేబుల్ ఫ్యాను తీగ ముక్క ఒకటి ముడివేసి, దాని మీద నల్ల టేపు రెండు చుట్లు చుట్టారు. ఆ టేపు ఇంట్లో స్విచ్చుబోర్డులకు వాడేది. 600 వోల్టులకు మించి దాని మీద భారం వేయకూడదని దాని అట్టమీదే రాసి ఉంటుంది.

ఇక్కడ చోకు సంగతి మళ్లీ చెప్పుకోవాలి, ఎందుకంటే బావగారు పూర్తిగా తప్పు కాదు, సగమే తప్పు. లేజరు ట్యూబు నిజంగానే ట్యూబులైటుకు దాయాది. లోపలి వాయువు మామూలుగా విద్యుత్తును పారనివ్వదు. దాన్ని ఒప్పించడానికి మొదట ఒక పెద్ద తోపు కావాలి, ఒప్పుకున్న తరవాత మాత్రం అది ఆగమన్నా ఆగదు, ప్రవాహం పెరిగినకొద్దీ అడ్డంకి తగ్గిపోతూ ఇంకా ఇంకా లాగుతుంది. కాబట్టి ట్యూబులైటుకు చోకులాగే, ఇక్కడ సప్లైకి రెండు పనులు ఉంటాయి: మొదట గట్టిగా నెట్టడం, ఆ వెంటనే గట్టిగా పట్టుకోవడం. ట్యూబు పొడుగైన కొద్దీ మొదటి తోపు పెద్దది కావాలి. 100 వాట్ల ట్యూబు వెలగాలంటే పాతిక వేల వోల్టులు దాటాలి. 60 వాట్ల సప్లైకి అంత ఊపు ఉండదు. ఇక పట్టుకోవడమంటే మిల్లీ ఆంపియర్ల లెక్క, అంటే ఎంత కరెంటు పారనివ్వాలన్నది, అది ట్యూబు ట్యూబుకూ వేరు. వాట్ల అంకె పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మిల్లీ ఆంపియర్ల అంకె ట్యూబుకు అంటించిన చీటీలో, చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. మనుషులు ఏది చదువుతారో చెప్పనక్కర్లేదు.

మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, మిషను నడిపారు. ట్యూబులో వెలుగు రాలేదు. మళ్లీ నొక్కారు. చిటచిటమని శబ్దం వచ్చింది. పనికుర్రాడు కుడివైపు తొంగిచూసి, “సార్, వెలుగొచ్చింది సార్! డబ్బాలో!” అని కేకపెట్టాడు. నెట్టుకుంటూ వెళ్లిన వోల్టేజికి ట్యూబు దారి దొరకక, వేలెడు దూరంలో ఉన్న నెయ్యి డబ్బా దగ్గర దారిగా కనిపించింది. నల్ల టేపును చీల్చుకుని నీలపు మెరుపొకటి ఆవు మెడ దగ్గరికి దూకుతోంది. మిషనుకు ఎర్తింగు సరిగ్గా ఉండబట్టి, డబ్బా మిషనుకే బిగించి ఉండబట్టి, ఆ మెరుపు భూమిలోకి పోయింది. లేకపోతే ఈ హాస్యవ్యాసం సంతాపవ్యాసం అయ్యేది. బావగారు మాత్రం, కనీసం వెలగడమంటూ మొదలైంది కదా అన్న ధోరణిలో, ఇంకో నాలుగుసార్లు నొక్కారు. నాలుగోసారి సప్లై డబ్బాలోంచి మాడిన వాసన, వానకు ముందు మెరుపులప్పుడు వచ్చేలాంటి ఘాటైన ఓజోన్ వాసన కలిసి వచ్చాయి. లోపలి హై వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు ప్రాణం విడిచింది.

ఇంకొకరైతే ఈసారి ట్యూబు చీటీ చదివేవారు. బావగారు చీటీ చదవలేదు, తర్కం చేశారు. తక్కువది పెడితే కాలింది కాబట్టి ఎక్కువది పెడితే కాలదు. 100 వాట్ల సప్లైకి, 150 వాట్ల దానికి ధరలో తేడా భరించలేనంత ఏమీ లేదు. రేపు పెద్ద ట్యూబు కొన్నా పనికొస్తుంది. ఈ మూడు వాక్యాల్లో మూడోది చాలా ప్రమాదకరమైనదని అప్పుడు ఎవరికీ తెలియదు. 150 వాట్ల సప్లై వచ్చింది, దానితోపాటు పొడుగాటి సిలికాన్ తీగ కూడా వచ్చింది. నెయ్యి డబ్బా తీసేసి ప్లాస్టిక్ గొట్టం ముక్క బిగించారు. మీట నొక్కగానే ట్యూబు భగ్గున గులాబీ రంగులో వెలిగింది.

ఆ తరవాత కొన్నాళ్లు మా బావగారిని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. 8 మిల్లీమీటర్ల అక్రిలిక్ ఒక్క పట్టున తెగుతోంది. 100 వాట్ల ట్యూబు చేత నూటయాభై వాట్ల పని చేయిస్తున్నానని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు, కరెంటు వరకు అది నిజం కావడమే దురదృష్టం. కరెంటు ఎంత పోతోందో చూపే మిల్లీ ఆమ్మీటరు ఆ మిషనుకు లేదు. ఉండాల్సిన చోట దేవుడి స్టిక్కరు ఉంది. పరిమితి దాటి కరెంటు పంపితే వాయువు వేడెక్కి లేజరు పెరగడం మానేస్తుందనీ, ఆ పైన పంపేదంతా ట్యూబు ఆయుష్షులోంచి తీసి ఖర్చు పెట్టడమేననీ నేను చెబితే, “నీకు పుస్తకాల్లో చదివిన భయం ఎక్కువోయ్ బావమరిదీ” అన్నారు.

అంతలో పెళ్లిళ్ల రోజులు వచ్చాయి. ఒకాయన తన కూతురి పెళ్లికి అయిదువందల శుభలేఖలు పురమాయించాడు. ముందు అట్ట మీద తీగల అల్లికలా చెక్కిన వినాయకుడు, ఆ అల్లికలో అన్నిటికంటే సన్నటి భాగం తొండం. కాగితానికి లేజరు అతి తక్కువగా ఇవ్వాలి. ఇక్కడే పెద్ద సప్లై తన బుద్ధి చూపించింది. ఎక్కువ పంపడానికి తయారైన యంత్రానికి కొంచెమే నిలకడగా పంపడం చేతకాదు. 10 శాతం పెడితే ట్యూబు మినుకుమినుకుమంటూ, ఒకచోట కోసి, రెండోచోట మరిచిపోయి, మూడోచోట మళ్లీ గుర్తు తెచ్చుకుంది. 18 శాతానికి పెంచితే కాగితం అంచులు పెసరట్టు రంగుకు తిరిగాయి. మధ్యలో ఎక్కడో కుదిర్చి, రాత్రంతా కుర్రాడి చేత కోయించి, తెల్లవారి లెక్క చూసుకుంటే, చాలా శుభలేఖల్లో వినాయకుడికి తొండం తెగి కిందపడిపోయింది. మిగిలినవాటిలో తొండం ఉంది, ఏకదంతుడి ఆ ఒక్క దంతమూ లేదు.

పెళ్లికూతురి తండ్రి ఒక శుభలేఖ చేతికి తీసుకుని, వెలుతురుకు పెట్టి, తిప్పి చూసి, చాలా మర్యాదగా, “ఈ అబ్బాయి ఎవరండీ?” అని అడిగాడు. బావగారు తడుముకోకుండా, ఇది ఆధునిక డిజైను అన్నారు. “విఘ్నాలు తీసేవాడికే విఘ్నం కలిగిస్తే ఎలాగండీ” అంటూ ఆయన అడ్వాన్సు వెనక్కి అడిగి తీసుకుని వెళ్లిపోయాడు. కుర్రాడు రాలిపడిన తొండాలన్నీ చీపురుతో ఒకచోటికి చేర్చి, దేవుడివి కదా, చెత్తబుట్టలో వేయవచ్చా లేదా అని తేల్చుకోలేక, ఒక కవరులో పోసి బీరువా మీద పెట్టాడు.

అప్పుడు మా అక్కయ్య కలగజేసుకుని, వెనక వీధిలో ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసిన పెద్దాయన్ని పిలిపించింది. పాత రంగుల టీవీ పిక్చర్ ట్యూబుకు కూడా 25 వేల వోల్టుల దాకా వెళుతుంది కాబట్టి, ఈ లోకం ఆయనకు కొత్త కాదు. ఆయన వచ్చి, ముందు మెయిన్ ఆపించి, ప్లగ్గు తన చేత్తో పీకి తన పక్కనే పెట్టుకుని, కాసేపు ఊరికే కూర్చున్నాడు. సప్లైలో మిగిలిన ఛార్జి దిగిపోవాలట. తరవాత ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తోనే తీగలు పరీక్షించాడు. రెండు చేతులు పెడితే కరెంటు ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుందన్నది ఆ తరం మెకానిక్కుల మొదటి పాఠం.

“అబ్బాయ్, మీటరేదీ?” అన్నాడు. లేదని తెలిశాక సంచిలోంచి 50 మిల్లీ ఆంపియర్ల ముల్లుమీటరు ఒకటి తీశాడు. దాన్ని ఎర్ర తీగలో పెట్టాలని బావగారు సలహా ఇచ్చారు, కరెంటు వచ్చేది అటునుంచే కదా అని. “అక్కడ పెడితే కొట్టుకునేది ముల్లు కాదు, చూసేవాడు” అని, పెద్దాయన ట్యూబు రెండో కొస నుంచి సప్లైకి తిరిగివెళ్లే తీగలో మీటరు కలిపాడు. అటు కూడా పోయేది అదే కరెంటు, వోల్టేజి మాత్రం భూమికి దగ్గరగా ఉంటుంది. మిషను నడిపి పూర్తి బలం ఇవ్వగానే ముల్లు 36 దగ్గర నిలబడింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, భూతద్దంతో ట్యూబు చీటీ చదివాడు. గరిష్ఠం 28 అని ఉంది.

“ఇన్నాళ్లూ ఇలాగే నడిపారా?”

“బాగా కోస్తోంది కదా బాబాయిగారూ!”

“కోయదూ మరి!” అన్నాడాయన, బావగారి వంక కాకుండా ట్యూబు వంక చూస్తూ.

సప్లైలో కరెంటు తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది. మళ్లీ ప్లగ్గు పీకి, ఆగి, సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ నడిపి, ఇలా ముల్లును 26కు దించాడు. పైవైపు పట్టు చిక్కింది గాని, కిందివైపు వణుకు పోలేదు. అది సప్లై పుట్టుకతో వచ్చిన గుణమనీ, సన్న పని చేయాలంటే 100 వాట్ల సప్లై తెచ్చుకోవాలనీ, అది తెచ్చినా కాగితానికి మిషను కోసే తలను వేగంగా నడపాలే తప్ప బలాన్ని మరీ అడుగుకు దించకూడదనీ, అసలు శుభలేఖలకు చిన్న ట్యూబున్న మిషనే తగినదనీ ఒక్కొక్కటిగా చెప్పాడు. అక్కయ్య ఇచ్చిన కాఫీ తాగి, డబ్బు వద్దని, పాడైన 60 వాట్ల సప్లైని విడిభాగాల కోసం సంచిలో వేసుకుని వెళ్లాడు.

100 వాట్ల సప్లై వచ్చింది. ముల్లు 26 దగ్గర బుద్ధిగా నిలుస్తోంది. వినాయకుడికి తొండం, దంతం రెండూ దక్కాయి. 8 మిల్లీమీటర్ల అక్రిలిక్‌కు ఇప్పుడు కొంచెం నిదానంగా నడపాల్సి వస్తోంది, దాన్ని బావగారు ఇంకా క్షమించలేదు. చిక్కల్లా 150 వాట్ల సప్లైతోనే. డీలరు వెనక్కి తీసుకోనన్నాడు. అది కౌంటరు వెనక అరలో కూర్చుని రోజూ ఆయన కంటపడుతోంది. అంత ఖరీదు పెట్టి కొన్న వస్తువును ఊరికే ఉంచడం ఆయన తత్త్వానికి పడదు. దానికి సరిపోయే 150 వాట్ల ట్యూబు ఎంత పొడుగుంటుందని మొన్న నన్ను అడిగారు. 1,850 మిల్లీమీటర్లని చెప్పాను. నిన్న సాయంత్రం నేను వెళ్లేసరికి పక్క దుకాణం టైలరు దగ్గర టేపు అరువు తీసుకుని, ఆ టైలరుకూ తనకూ మధ్యనున్న గోడ మందం కొలుస్తున్నారు.

“దేనికి సార్ కొలతలు?” అని టైలరు అడిగాడు.

“ఏం లేదయ్యా,” అన్నారు బావగారు, “మీ వైపు ఇక్కడ కుట్టుమిషను ఉందా, ఖాళీగానే ఉందా?”