సమానత్వం స్థాపించు విధానం

విశ్వవిద్యాలయంలో సమానత్వం తేవడం మహా కష్టమని బయట ఒక అపోహ ఉంది. కావలసినవి ఒక గది, ఒక బోర్డు, ఏ పని చెప్పినా కాదనని ఒక ప్రొఫెసరు. ఈ మూడూ ఉంటే శ్రీకాకుళం జిల్లాలో ఏ క్యాంపస్‌కైనా వారంలో సమానత్వం వచ్చేస్తుంది. గది లేకపోతే పాత జిరాక్స్ గది చాలు.

ముందు నియామకం. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే చెప్పింది. హాస్టల్ వార్డెన్‌గా ఉన్నాయనకే ఇదీ అప్పగించండి. హాస్టల్ మీద ఫిర్యాదు వస్తే వార్డెన్ హోదాలో ఆయన సంజాయిషీ రాస్తారు, అధికారి హోదాలో ఆయనే చదివి సంతృప్తి చెందుతారు. కవరు ఖర్చు కూడా మిగులుతుంది.

తర్వాత ఫిర్యాదుల పెట్టె. దాన్ని ఎక్కడ బిగించాలన్నదే అసలు విద్య. శాఖాధిపతి గుమ్మానికి ఎదురుగా, సీసీ కెమెరా కింద, అటెండరు స్టూలు పక్కన. చీటీ వేసేవాడి ముఖం మూడు వైపుల నుంచీ కనబడాలి. తాళంచెవి ఎప్పుడో రిటైరైన సూపరింటెండెంటు దగ్గర ఉండిపోతే మరీ మంచిది. ఇంటర్నల్ మార్కులు వేసే చెయ్యీ పెట్టె తెరిచే చెయ్యీ ఒకటే అయ్యాక, అందులో బల్లి గుడ్లు తప్ప ఏమీ దొరకవు. నివేదికలో దాన్ని 'ఫిర్యాదులు: నిల్' అని రాస్తారు. వివక్ష లేదనడానికి ఇంతకు మించిన రుజువేం కావాలి?

ర్యాంపు పని, కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం రావడానికి నెల ముందు మొదలెట్టండి. లెక్క 1:12. అంటే 2 అడుగుల అరుగు ఎక్కడానికి 24 అడుగుల వాలు కావాలి. అంత జాగా ఎవరిస్తారు? 6 అడుగుల్లో ముగించండి. చక్రాల కుర్చీ ఎక్కబోతే వెనక్కి తిరగబడుతుంది, నిజమే. కానీ జియోట్యాగ్ ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు పడతాయి గాని వాలెంతో పడదు. ఫొటో అయ్యాక అక్కడ బళ్లు పెట్టుకోవచ్చు. దివ్యాంగుల మరుగుదొడ్లో చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు పెట్టి తాళం వేసుకోవచ్చు. చూపులేని విద్యార్థికి పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. ఇవ్వకేం, ఇస్తారు. ఇన్విజిలేటరు ఎక్కాల్సిన బస్సు ఆగితే.

ఇక భాష. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, అక్కడి గిరిజనుల భాష సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటల్లోనే పాఠాలు రాశారని వక్త గద్గదస్వరంతో చెబుతారు. మర్నాడు క్లాసులో సవర కుర్రాడు లేచి జవాబు చెప్తే, "ఏటిరా ఆ యాస?" అని అదే వక్త నవ్వుతారు. ఆ వెంటనే "నీ ర్యాంకెంత?" అంటారు. ర్యాంకు అడిగితే కులం అడిగినట్టు ఉండదు, మర్యాద దక్కుతుంది. కుర్రాడిది సీతంపేట అయితే అసలు చింతే లేదు. 2022లో సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయింది. సమస్య మన జిల్లాది కాదు.

(ఫీజు రీయింబర్స్‌మెంటు పడలేదని సర్టిఫికెట్లు ఆపే దగ్గర మాత్రం నిఖార్సయిన సమానత్వం ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ తేడా లేకుండా అందరివీ ఆపుతారు.)

ఇంత చేసినా ఎవడో ఒకడు ఫిర్యాదు రాస్తాడు. 60 రోజుల్లో తేల్చాలి. కంగారు పడకండి. ఇన్‌వర్డ్ నంబరు లేదని కొన్నాళ్లు, ఫార్మాట్‌లో లేదని కొన్నాళ్లు తిప్పండి. నెల దాటాక తండ్రిని పిలిపించండి. ఫోన్లో మాట్లాడితే కుదరదు, మనిషే రావాలి, ఆ రోజు కూలి పోవాలి. కుర్చీ వేయించి, టీ ఇప్పించి, "మీవోడు బాగా సదువుతాడు, ఇంకా రెండు సెమిస్టర్లున్నాయి కదా, ఎందుకొచ్చిన గొడవ బాబూ" అని ప్రేమగా చెప్పండి. రాజీ కాగితం, స్టాంపు ప్యాడు ముందే టేబులు మీద ఉంచుకోండి. ఆయన వెళ్లాక వార్షిక నివేదిక తీసి, 'అందినవి 1, పరిష్కరించినవి 1, నూరు శాతం' అని నింపి, కింద వైస్ చాన్స్‌లర్ సంతకానికి జాగా వదలండి.