క్రౌంచద్వీపపు కాకి

మా బావగారు కాకినాడలో ఉంటారు. బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేశారు. జీవితమంతా చెక్కుల మీద సంతకాలు సరిచూసిన కళ్లు ఊరికే ఉండవు కదా! అందుకని మా కుటుంబంలో ఎవరు ఏ కర్మ చేసినా అది చెల్లుతుందో చెల్లదో తేల్చే బాధ్యతను ఎవరూ అడగకుండానే నెత్తిన వేసుకున్నారు. మా నాన్నగారి ఆబ్దికం ఇంకా మూడు వారాలు ఉందనగా ఆయన దగ్గర నుంచి ఫోనులో సందేశం వచ్చింది. "విదేశంలో పెట్టిన పిండం పితృదేవతలకు చేరదు. శాస్త్రం." అంతే. ఏ శాస్త్రమో, ఎన్నో అధ్యాయమో లేదు. కింద చేతులు జోడించిన బొమ్మలు మాత్రం మూడు ఉన్నాయి.

"చెల్లదు" అని ఉంటే ఊరుకునేవాడిని. అది ఆయన వృత్తిభాష. "చేరదు" అన్నారు. అక్కడ వచ్చింది చిక్కు.

మా నాన్నగారు రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరు. పరుగెత్తే రైలు పెట్టెలో రాత్రంతా నిలబడి ఉత్తరాలను ఊళ్లవారీగా గళ్లలో వేయడం ఆయన ఉద్యోగం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు పుట్టకముందు నుంచే ఆ పనిలో ఉన్నారు. "సుబ్బారావు బాబాయికి, రావిచెట్టు పక్క ఇల్లు" అని రాసి ఊరి పేరు దగ్గర నూనె మరక పడిన కవరును కూడా వెలుగుకు అటూ ఇటూ తిప్పి చూసి సరైన సంచిలో వేసేవారు. అలాంటి మనిషికి కొడుకు పంపింది చేరదట!

పోనీ, చిరునామాలో లోపం ఉందేమో చూద్దాం. మన సంకల్పానికి సాటి వచ్చే చిరునామా ఏ దేశపు తపాలాశాఖ దగ్గరా లేదు. మా రాజమండ్రిలో అయితే జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అని మొదలుపెట్టి, గోదావరికి ఎడమ గట్టున ఉన్నాం కనుక "గంగా గోదావర్యోః మధ్యదేశే" అంటాం. గంగకూ గోదావరికీ మధ్య ఎంత నేల ఉందో, అందులో ఎన్ని కోట్ల గడపలు ఉన్నాయో ఎవరైనా ఆలోచించారా? ఆ లెక్కన నేను ఉంటున్న అయోవా రాష్ట్రం నయం. తూర్పు సరిహద్దు మిసిసిపి, పడమటి సరిహద్దు మిస్సోరి. అమెరికా అర్చకులు చదివే "క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే" తరువాత ఆ రెండు నదుల పేర్లూ చేర్చి మధ్యప్రదేశే అంటే, తపాలా జవాను కళ్లు మూసుకుని వచ్చేస్తాడు. క్రౌంచద్వీపం కూడా పురాణాలు చెప్పిన ఏడు ద్వీపాల్లో ఒకటే, మేము కనిపెట్టింది కాదు. అయినా బావగారికి అది అనుమానాస్పదమైన శాఖ. అక్కడి చెక్కులు ఆయన తీసుకోరు.

సమయం సంగతి మరీ విచిత్రం. పితృకార్యానికి అపరాహ్ణం ముఖ్యం. ఎవరి అపరాహ్ణం? కాకినాడదేనని బావగారి తీర్పు. చలికాలంలో మాకూ మీకూ పదకొండున్నర గంటల తేడా. కాకినాడలో మధ్యాహ్నం రెండయితే మాకు అర్ధరాత్రి దాటి రెండున్నర. ఆ వేళప్పుడు లేచి, తలస్నానం చేసి, దక్షిణముఖంగా కూర్చుని పిండప్రదానం చేయాలట. సూర్యుడు ఎక్కడ ఉన్నాడని అడిగాను. "మా నెత్తిన ఉన్నాడు కదయ్యా" అన్నారు. కాదనలేం. సూర్యుడు కూడా కాకినాడ శాఖ ఉద్యోగే.

సరే, శాస్త్రం అన్నారు కనుక శాస్త్రమే చూద్దామని మనుస్మృతి మూడో అధ్యాయం తెరిచాను. శ్రాద్ధానికి ఎవరిని పిలవకూడదో అందులో చాంతాడంత జాబితా ఉంది. వైద్యులు పనికిరారు. గుళ్లో పూజ చేసి బతికే దేవలకులు పనికిరారు. జీతం తీసుకుని చదువు చెప్పేవారు పనికిరారు. సముద్రయానం చేసినవారు బొత్తిగా పనికిరారు. నిరుడు నా దగ్గర భోక్తలుగా కూర్చున్నవారిలో ఒకరు గుండె వైద్యులు, మరొకరు విశ్వవిద్యాలయంలో గణితం బోధించే ఆచార్యులు. మంత్రం చెప్పింది రెండు గంటలు మంచులో కారు నడుపుకుంటూ వచ్చిన గుడి అర్చకులు. అందరూ సముద్రం దాటినవారే. "విమానంలో దాటాం కదా, ఓడలో కాదుగా" అని ఆచార్యులవారు ఒక సూక్ష్మం లేవనెత్తారు కానీ, గారెలు చల్లారిపోతున్నాయని చర్చ ముందుకు సాగలేదు.

అదే జాబితాలో వడ్డీ మీద బతికేవాడు కూడా ఉన్నాడు. ఆ శ్లోకాన్ని బావగారికి పంపాను. ఇంతవరకు జవాబు లేదు.

ఆ అధ్యాయంలోనే ఇంకొంచెం ముందుకు వెళితే, పంది వాసన చూస్తే శ్రాద్ధం చెడుతుందనీ, కోడి రెక్కల గాలి సోకితే చెడుతుందనీ ఉంది. పందుల పెంపకంలో అమెరికా మొత్తం మీద మొదటి స్థానం అయోవాది. కోడిగుడ్లలోనూ తరచూ మాదే. మనుషులు 32 లక్షలు, పందులు రెండు కోట్ల పైమాట. గాలి ఎటు వీచినా మాకు రక్షణ లేదు. భూగోళమంతా వెతికి సరిగ్గా ఇక్కడే ఉద్యోగం చూసుకున్న నా తెలివికి పితృదేవతలు నవ్వుకునే ఉంటారు.

వంట గురించి ఎక్కువ చెప్పను, మా ఆవిడ చెబితేనే బాగుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి గారెల మూకుడు పొయ్యి మీద పెట్టగానే పొగను పసిగట్టే యంత్రం, భోక్తలు తింటుండగా చదివే వేదంలా, అభిశ్రవణం మొదలుపెట్టింది. మడిబట్ట డ్రయ్యరులో ఆరితే మైల, బయట ఆరేస్తే పది నిమిషాల్లో అప్పడమై నిలబడింది. బావగారి నిషిద్ధ పదార్థాల పట్టికలో మాత్రం ఒక ముచ్చట ఉంది. ఇంగ్లీషు కూరలు పనికిరావు కనుక బంగాళాదుంప వద్దు, టమాటా వద్దు. కారానికి మిరియాలే, మిరపకాయ వద్దు. ఈ మూడింటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. పోర్చుగీసువాళ్ల పడవలెక్కి సముద్రం దాటి మన దేశానికి వచ్చింది మిరప. అంటే సముద్రయాన దోషం దానికీ ఉందన్నమాట. తద్దినంనాడు దాన్ని గడప తొక్కనివ్వని మా బావగారు మిగిలిన 364 రోజులూ ఆవకాయ లేనిదే ముద్ద ఎత్తరు.

ఇక కాకి.

నిరుడు వాయసపిండాన్ని ఆకులో పెట్టి పెరట్లో మంచు మీద ఉంచాను. మధ్యాహ్నం రెండయింది. కాకినాడలో రాత్రి ఒంటిగంటన్నర. అయినా బావగారు నిద్ర మానుకుని, మఫ్లరు చుట్టుకుని, వీడియోలో హాజరయ్యారు. ఫోనును పక్షుల గూటి కొయ్యకు ఆనించి నిలబెట్టమన్నారు. నిలబెట్టాను.

"వచ్చిందా?"

"ఇంకా లేదండీ బావగారూ."

"పిలువు."

పిలిచాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ముగ్గురు కిటికీల్లోకి వచ్చారు. పంచెకట్టు, పైన దుప్పటి లాంటి కోటు, కాళ్లకు మంచు బూట్లు, కుడి భుజం మీద జంధ్యం, ఆకాశం వైపు చేతులు చాచి "కావ్ కావ్" అంటున్న మనిషి. ఎదురింటి ముసలాయన చేయి ఊపాడు. మర్యాదస్తుడు. నేనూ ఊపాను. "చేతులు ఊపకు, బెదురుతుంది" అని కొయ్య మీద నుంచి బావగారు గద్దించారు.

ఇక్కడి కాకి మన కాకి కాదు. మెడ దగ్గర బూడిదరంగు ఉండదు, మొత్తం నలుపు, మనదానికంటే భారీ మనిషి. ఇంకో గౌరవం కూడా దానికి ఉంది. నాన్నగారి పిన్‌కోడు పుట్టిన 1972లోనే అమెరికా ప్రభుత్వం కాకులను కూడా వలసపక్షుల రక్షణ చట్టం కిందికి తెచ్చింది. ఈ దేశంలో కాకి చట్టరీత్యా వలసజీవి. దాన్ని ఎవరూ దేశం నుంచి వెళ్లగొట్టరు, మూడేళ్లకోసారి వీసా ముద్ర వేయించుకోవడానికి వరసలో నిలబడనక్కర్లేదు. అలాంటిది నా పిండం కోసం పరుగెత్తుకు వస్తుందా?

పావుగంటకు ఒక నీలిరంగు పక్షి దిగింది. బ్లూ జే అంటారు. ఆనందం పట్టలేక అరిచాను. "బావగారూ, ఇది కాకి కుటుంబమే! పక్షిశాస్త్రం ప్రకారం కాకికి సగోత్రీకురాలు."

బావగారు కళ్లజోడు సవరించుకున్నారు. "రంగు?"

"నీలం."

"చెల్లదు."

ఆ మాట విన్నట్టే అది ఎగిరిపోయింది. పిండం అప్పటికి గోలీకాయలా గట్టిపడింది. దర్భ పవిత్రం వేలికి అతుక్కుపోయింది. తర్పణం వదిలిన నువ్వులు పళ్లెంలో గాజు కింద పెట్టినట్టు మెరుస్తున్నాయి. పితృదేవతలు సుత్తి తెచ్చుకుంటే తప్ప ఆ నీరు అందుకునే వీలు లేదు. అంతలో కంచె మీద నుంచి ఒక ఉడుత దిగింది. ఆకు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. సవ్యమా అపసవ్యమా అని బావగారు అడిగారు, నేను గమనించలేదు. పిండాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, ఒక ప్రక్కన నుంచి శ్రద్ధగా కొరికి, మిగిలింది చంకన పెట్టుకున్నట్టుగా పట్టుకుని ఓక్ చెట్టెక్కింది.

"ఏమిటది?" అన్నారు బావగారు.

"ఉడుత."

చాలాసేపు మౌనం. సేతువు దగ్గర రాముడు వీపు నిమిరిన జీవి కదా అని నేను మెల్లగా మనవి చేశాను. "అది వేరే ఖాతా" అన్నారు.

మర్నాడే పరిష్కారం కూడా పంపారు. ఎవరో ఏర్పాటు చేస్తారట. 251 డాలర్లు పంపితే గోదావరి ఒడ్డున నా తరఫున ఎవరో కర్తగా కూర్చుని, నా గోత్రం చదివి, నా తండ్రికి పిండం పెడతారు. నాకు వీడియో వస్తుంది. అందులో కాకి గ్యారంటీ. నా చేతులతో నేను పెట్టింది చేరదు, ముక్కూ మొహం తెలియనివాడు నా డబ్బుతో పెట్టింది చేరుతుంది! పిండానికి సముద్రం అడ్డు, డాలరుకు లేదు.

కాకినాడ నుంచి రాజమండ్రి 60 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో సముద్రం లేదు. నాన్నగారు పక్షవాతంతో 14 నెలలు మంచంలో ఉన్నారు. ఆ 14 నెలల్లో ఈ శాస్త్రవేత్త ఎన్నిసార్లు వచ్చారు? రెండుసార్లు. అందులో ఒకసారి ఇంటి కాగితాల కోసం. అంతకుముందు రాజమండ్రిలో జరిగిన ఆబ్దికానికి మాత్రం ముందురోజు రాత్రికే దిగారు. అల్లం పచ్చడి కుదిరిందన్నారు. మామగారు మహానుభావుడన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు! ఆయన బతికుండగా ఆ కళ్లు గుమ్మం వైపు చూస్తుంటే ఎవరు వచ్చారు?

మా చెల్లెలు ఉంది. రాత్రి మూడుసార్లు లేచి ఆయన్ను పక్కకు తిప్పింది. ఒళ్లు తుడిచింది. మింగలేని గొంతులో గంజి చెంచాతో పోసింది. ఆయన చివరిచివరి మాటలు అర్థమైంది ఆమె ఒక్కదానికే. ఆమె దర్భ ముట్టుకోకూడదట, అధికారం లేదట. ఆ ఆబ్దికంనాడు వంటింటి గడప అవతల నిలబడి మంత్రాలు వింది. అధికారం నాకు ఉంది. నేను ఏం చేశాను? ఆయన పొద్దున్నే ఆరింటికి ఫోను చేసేవారు, నాకు అప్పుడు సాయంత్రం ఆరున్నర. "మీటింగులో ఉన్నాను నాన్నా, మళ్లీ చేస్తాను" అనేవాడిని. కొన్నిసార్లు చేశాను. చాలాసార్లు చేయలేదు. చేరనివి అవి. వాటి గురించి ఒక్క శ్లోకం పంపరేం బావగారూ? పందుల మీద ఉంది, కోళ్ల మీద ఉంది, దీని మీద లేదా?

ఈ ఏటి ఏర్పాట్లు పూర్తయ్యాయి. భోక్తలు వారే, సముద్రం దాటినవారే. సమయం అయోవా అపరాహ్ణం. ఫోను మళ్లీ అదే కొయ్య మీద ఉంటుంది కానీ అందులో మా చెల్లెలు ఉంటుంది. నాన్న, తాత, ముత్తాత ముగ్గురి పేర్లూ గోత్రంతో సహా ఆమే చెబుతుంది, నేను నీళ్లు వదులుతాను. తెల్లవారాక తన వీలు చూసుకుని గోదావరి రేవులో తనూ నువ్వులూ నీళ్లూ వదులుతానంది. వదలమన్నాను. ఎవరి అనుమతీ అడగలేదు.

నిన్న బావగారి నుంచి ఇంకో సందేశం వచ్చింది. "నేను పంపింది చేరిందా?" పక్కన రెండు నీలి గీతలు పడిపోయాయి కనుక చేరలేదని బొంకే వీలు లేదు.

"చేరింది బావగారూ. ఉడుత తీసుకుంది" అని రాశాను.