స్టాన్‌ఫర్డ్ ఎవరినీ ఎంపిక చేయలేదు పెదనాన్నా

కనిగిరి నుంచి మా పెదనాన్న పంపాడు. మర్నాటికి అదే మెసేజ్ నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి, సాయంత్రానికి మా కాలేజీ గ్రూపులోకి వచ్చేసింది. అందులో ఉన్నది ఇదీ: మన జిల్లా బిడ్డ, బయోమెడికల్ పరిశోధకుడు, ఆయన్ని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో ఒకరిగా ఎంపిక చేసింది. వందల పరిశోధన పేపర్లు, వేల సైటేషన్లు. (సైటేషన్ అంటే ఒక పేపర్‌ను ఇంకో పేపర్‌లో ప్రస్తావించడం.) వేల సైటేషన్లు అంటే ప్రపంచం ఒప్పుకున్నట్టే. హెచ్-ఇండెక్స్‌లో మిగతావాళ్ళు ఆయన ముందు దిగదుడుపే. మన ప్రాంతం నుంచి ప్రపంచం పట్టించుకున్న వైద్య పరిశోధన ఇదే మొదటిది. చివర్లో దండం పెట్టే బొమ్మలు మూడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ మెసేజ్ ఆయన రాసి ఉండడు, ఆయన పని మంచిదో కాదో తేల్చేవాణ్ణి నేనూ కాదు. మెడికల్ కాలేజీ లైబ్రరీలో రోజంతా ఈ లెక్కల మధ్యే కూర్చుంటాను గనక, లెక్కల సంగతి చెప్తాను.

"స్టాన్‌ఫర్డ్ ఎంపిక చేసింది." చేయలేదు. జాన్ అయోనిడిస్ అనే అక్కడి ప్రొఫెసర్ ఇంకొందరితో కలిసి 2019 నుంచి విడుదల చేస్తున్న ఎక్సెల్ జాబితా అది. ఆయన పనిచేసే చోటు పేరు దానికి అంటుకుంది, అంతే. డేటా ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ నడిపే స్కోపస్ డేటాబేస్‌ది. కమిటీ కూర్చోదు, ఇంటర్వ్యూ ఉండదు. ఆరు రకాల సైటేషన్ లెక్కలు కలిపి ఒక స్కోరు వేస్తారు. మొత్తం మీద మొదటి లక్షలో ఉన్నా, తన ఉపవిభాగంలో టాప్ 2 శాతంలో ఉన్నా పేరు పడుతుంది. పైగా జాబితాలు రెండు: మొత్తం కెరీర్‌ది ఒకటి, ఒక్క సంవత్సరానిది ఒకటి. ఫ్లెక్సీ వేయించేటప్పుడు అది ఏ జాబితానో మాత్రం ఎవరూ రాయించరు. సొంత సైటేషన్లు, అంటే తన పేపర్లను తనే ప్రస్తావించుకున్నవి, తీసేస్తే ర్యాంకు ఎంతకు దిగుతుందో కూడా అదే ఫైల్లో ఉంటుంది. సొంత డబ్బా ఎంతో ఆ కాలమ్ చెప్పేస్తుంది, చూసే ఓపిక ఉంటే.

"వందల పేపర్లు." ఒక్కో పేపర్ మీద ఎన్ని పేర్లున్నాయి, అందులో ఆయనది ఎక్కడుంది, పని ఎవరు చేశారు? ఇవి తెలియకుండా సంఖ్య ఒక్కటే ఏమీ చెప్పదు. డబ్బు కడితే సరిగా పరిశీలించకుండానే అచ్చు వేసే జర్నళ్ళకూ కొదవ లేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్ ఇలా పరిశోధకులను మోసం చేసిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

"వేల సైటేషన్లు అంటే ప్రపంచం ఒప్పుకున్నట్టే." అసలు గొడవంతా ఇక్కడే. పిల్లలకు తట్టు, గవదబిళ్ళలు, రూబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 12 మంది పిల్లల మీద రాసిన పేపర్ అది. 2010లో ఆ పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. దానికి వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి. ఎక్కువ భాగం తప్పుబడుతూ రాసినవే, కానీ తిట్టినా పొగిడినా కౌంటర్లో పడేది ఒకటే.

ఇటువైపు చూస్తే, లెక్కకు వచ్చినంతలో అత్యధిక సైటేషన్లు ఉన్నది ఆలివర్ లోరీ బృందం 1951 పేపర్‌కి. మూడు లక్షలు దాటాయి. ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. ఏ ల్యాబ్‌లో ఆ పద్ధతితో ప్రొటీన్ కొలిచినా ఆ పేపర్ పేరు రాయాలి, అందుకే అన్ని. మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలతకు ఇచ్చిన పద్ధతి కూడా ఇలాంటిదే. చాలా ఉపయోగపడిన పని. అయితే ఉపయోగం వేరు, గొప్పతనం వేరు, సైటేషన్ ఈ రెంటినీ విడదీయలేదు.

ఇంకోటుంది. పెళ్ళిలో చదివింపుల పుస్తకం చూశారు కదా. ఎవరెంత చదివించారో రాసుకుని, వాళ్ళింట్లో పెళ్ళికి అంతకు తగ్గకుండా తిరిగి చదివిస్తాం. కొన్ని పరిశోధక బృందాల్లో సైటేషన్లు అచ్చం ఇలాగే చేతులు మారతాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ ఎవరి జేబుకూ చిల్లు పడదు.

"హెచ్-ఇండెక్స్‌లో మిగతావాళ్ళు దిగదుడుపు." 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన కొలత ఇది. కనీసం 10 సైటేషన్లున్న పేపర్లు 10 ఉంటే ఇండెక్స్ 10. ఐదే పేపర్లు రాసి, ఒక్కోదానికి వెయ్యేసి సైటేషన్లు తెచ్చుకున్నవాడికి 5. అది పెరగడమే గానీ తగ్గదు, కాబట్టి వయసు ఎక్కువున్నవాళ్ళకే మొగ్గు. క్యాన్సర్ మీద రాసేవాళ్ళు వేలల్లో, పాము కాటు మీద రాసేవాళ్ళు కొద్దిమంది. ఈ ఇద్దర్నీ ఒకే కాటాలో పెట్టి తూస్తే ఎలా?

ఇక "మన ప్రాంతం నుంచి ఇదే మొదటిది." ఇది చదివి మాత్రం ఊరుకోలేకపోయాను. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో మూడు పేజీల పేపర్ ఒకటి వచ్చింది. రాసింది షార్ట్, పండిట్, రాఘవాచారి. విషయం నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ చరిత్ర ఎవరు రాసినా ఆ మూడు పేజీల దగ్గరే మొదలుపెడతారు. వారిలో సి.జి.పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి తొలి డైరెక్టర్ అయ్యాడు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత దాని పేరే ప్రకాశం అయింది) ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అంటే ప్రపంచం మన నీళ్ళ గురించి చదవడం మొదలుపెట్టి దగ్గర దగ్గర 90 ఏళ్ళు.

పెదనాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "ఏందిరా, మా నీళ్ళ గురించి అప్పుడే రాశారా?" అన్నాడు. ఆయన పళ్ళ మీద చిన్నప్పటి నుంచీ గోధుమరంగు చారలున్నాయి. ఫొటో తీస్తుంటే పెదవులు మూసుకుంటాడు. మాట్లాడుతుండగానే మినరల్ వాటర్ ఆటో హారన్ వినపడింది. "ఉండరా, క్యాన్ దించుకోవాలి" అని పెట్టేశాడు.